పాత విలువ ఎటు పోయింది? స్క్రిప్టు భాషలో ఎక్స్‌ఎమ్మెల్, మార్పుల లెక్క



ఇవాళ మనం స్మరించుకుంటున్న మాస్టారు మాకు కంపైలర్లు చెప్పారు. ఫలానా భాషలో కొత్త సదుపాయం వచ్చిందని మేం ఎగిరి గంతేస్తే, అది ఏం చేస్తుందో ఆయన అడిగేవారు కాదు. పదేళ్ల తర్వాత దాన్ని పీకేయాల్సి వస్తే ఎవరెవరి ప్రోగ్రాములు ఆగిపోతాయో లెక్క తీసుకురమ్మనేవారు. మాలో చాలామందికి అది చాదస్తంగా కనిపించేది. ఆ లెక్క మొదటినుంచి చివరిదాకా కళ్లెదుట తేలిన కేసు ఒకటుంది. జావాస్క్రిప్టు భాషలోకే ఎక్స్‌ఎమ్మెల్‌ను దింపిన కథ అది. స్మారకోపన్యాసమంటే గుణగణాలు చెప్పాలంటారు. ఆయన పొగడ్తలు విని కూర్చునే మనిషి కాదు కనుక, ఆయన ప్రశ్ననే ఒక గంట సేపు ముందుకు తీసుకెళతాను.

సమాచారాన్ని ట్యాగుల మధ్య రాసే ఎక్స్‌ఎమ్మెల్ 1.0ను వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 1998 ఫిబ్రవరిలో ఆమోదించింది. నాలుగైదేళ్లకే కంపెనీల మధ్య నడిచే ఆర్డర్లు, బిల్లులు, బీమా దరఖాస్తులు అన్నీ ఆ ముసుగే వేసుకున్నాయి. కానీ వాటిని చదవాల్సిన ప్రోగ్రామరు అవస్థ అవస్థే. డామ్ అనే పద్ధతిలో ఒక ధర బయటికి తీయాలంటే చెట్టు మొదట్లో మొదలుపెట్టి, పిల్లల జాబితా అడిగి, అందులో సున్నా నంబరు పిల్లను అడిగి, దాని పాఠాన్ని అడిగి, నాలుగు పంక్తులు రాస్తే గానీ 150 అనే అంకె చేతికొచ్చేది కాదు. బీఈఏ సిస్టమ్స్ నాయకత్వంలో కొన్ని కంపెనీలు 2002 జూన్‌లో ఎక్మా ప్రమాణాల సంఘం ముందు ఒక ప్రతిపాదన పెట్టాయి: జావాస్క్రిప్టుకు అంకెలు, అక్షరమాలల (స్ట్రింగుల) లాగే ఎక్స్‌ఎమ్మెల్ కూడా పుట్టుకతో వచ్చిన విలువ కావాలని. రెండేళ్లకు, 2004 జూన్‌లో, అది ఎక్మా-357 అనే ప్రమాణంగా అచ్చయింది. అందరూ దాన్ని ఇ4ఎక్స్ అన్నారు.

చూపిస్తే అర్థమవుతుంది. ఎక్స్‌ఎమ్మెల్ ట్యాగుల పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు, జావాస్క్రిప్టు పేర్లూ తెలుగులో పెట్టుకోవచ్చు. అది చాలామంది వాడుకోని హక్కు. ఇవాళ వాడుకుందాం:

ఆర్డరు = <ఆర్డరు సంఖ్య="418"><పుస్తకం ధర="150" ప్రతులు="2"/></ఆర్డరు>;

కొటేషన్ గుర్తుల్లో పెట్టిన అక్షరమాల కాదిది. ట్యాగు నేరుగా ప్రోగ్రాములో కూర్చుంది. ఇక ఆర్డరు.పుస్తకం.@ధర అంటే 150. చెట్టులో ఎంత లోతున ఉన్నా పుస్తకాలన్నీ కావాలంటే ఆర్డరు..పుస్తకం, అంటే రెండు చుక్కలు. ఒకటికంటే ఎక్కువ ప్రతులు కావాలన్నవి మాత్రమే అయితే ఆర్డరు.పుస్తకం.(@ప్రతులు > 1). ట్యాగు మధ్యలో మీసాల బ్రాకెట్లు పెట్టి అందులో ఏ లెక్కయినా రాయొచ్చు, ఫలితం అక్కడ ఒదిగిపోతుంది. మొదటిసారి చూసినవాళ్లు ముచ్చటపడ్డారు. నేనూ పడ్డాను. ఇప్పటికీ ఆ రాతలో ఒక అందం ఉందనే అంటాను.

ఒక చిన్న మాట. తెలుగు పేర్లు పెట్టొచ్చన్నాను గానీ, పొల్లు విడిగా కనిపించడానికి మనం నొక్కే ఆ కంటికి కనిపించని జోడింపు నిరోధక అక్షరం ఉంది చూశారూ, ఆనాటి ఎక్స్‌ఎమ్మెల్ పేర్లలో దానికి ప్రవేశం లేదు. 2008లో వచ్చిన అయిదో కూర్పుతో గానీ తలుపు తెరుచుకోలేదు. కాబట్టి 2004లో ధర, పుస్తకం పర్లేదు. ఫోన్‌నంబరు అని సరిగ్గా విడగొట్టి రాస్తే మాత్రం తప్పు చూపించేది.

ముచ్చట కాసేపటికి తీరుతుంది. ఎవరో తొందరలో ఆర్డరు.పుస్తకం[0].@దర = 180 అని టైపు చేశారనుకోండి. ధర కాదు, దర. ఒత్తు జారింది. భాష కసురుకోదు. అడిగినదే తడవుగా దర అనే కొత్త ఆట్రిబ్యూటును సృష్టించి 180 అందులో పెడుతుంది. పాత ధర 150 అలాగే ఉంటుంది. చదివేటప్పుడు పొరపడితే ఇంకా ఘోరం: లేని ఆట్రిబ్యూటును అడిగితే ఖాళీ జాబితా వస్తుంది, ఖాళీ జాబితాను అంకెగా మారిస్తే సున్నా వస్తుంది. బిల్లు సున్నా అయిపోతుంది, ఎక్కడా ఎర్రగీత పడదు. రెండు పుస్తకాల ధరలను ప్లస్ గుర్తుతో కలిపితే 330 రాదు, రెండు ధరలున్న జాబితా వస్తుంది. ఎందుకంటే ఎక్స్‌ఎమ్మెల్ విలువల మధ్య ప్లస్ అంటే కూడిక కాదు, పక్కపక్కన పేర్చడం. ఒకే గుర్తుకు రెండు స్వభావాలు. ఒక ముక్క ఎక్స్‌ఎమ్మెల్‌కూ ఒకే ముక్క ఉన్న జాబితాకూ తేడా కనబడకుండా చెరిపేయాలన్న ఆశ నుంచి పుట్టిన చిక్కులివి. సౌకర్యం కోసం అబద్ధమాడే భాష తర్వాత వడ్డీతో సహా వసూలు చేస్తుంది.

ఇవి చిల్లర తప్పులని మీరు అనొచ్చు. ఏ భాషలో లేవు? సరే. నా అసలు ఫిర్యాదు వేరే. ఒత్తు జారకుండా, సరిగ్గానే ఆర్డరు.పుస్తకం[0].@ధర = 180 అని రాశామనుకుందాం. పని జరిగింది. ఇప్పుడు 150 ఎటు పోయింది?

ఎటూ లేదు. ఆ విలువ ఒకప్పుడు ఉండేదన్న ఆనవాలు కూడా ప్రోగ్రాములో మిగలలేదు. మామూలు చలరాశి అయితే ఎవరికీ బాధ లేదు. కానీ ఎక్స్‌ఎమ్మెల్ ఎందుకొచ్చింది? ఒకచోటి నుంచి ఇంకోచోటికి ప్రయాణం చేయడానికి. సర్వరు దగ్గర ఆర్డరు తీసుకున్నాను, నా దగ్గర కాసేపు ఉంచుకుని దిద్దాను, తిరిగి పంపుతున్నాను. ఈలోగా వేరే ఊళ్లో ఇంకొకరు అదే ఆర్డరు తీసి ప్రతుల సంఖ్య మార్చి పంపేశారు. నేను నా కాపీ మొత్తం పంపితే వాళ్ల దిద్దుబాటు కొట్టుకుపోతుంది. డేటాబేసు వాళ్లు దీనికి ఎప్పుడో మందు కనిపెట్టారు: నేను చూసినప్పుడు ధర 150 ఉంది, ఇప్పటికీ 150 ఉంటేనే 180 చెయ్యి, లేకపోతే నన్ను పిలువు. ఈ ఒక్క వాక్యం రాయాలంటే కొత్త విలువతో పాటు పాత విలువ కూడా నా చేతిలో ఉండాలి. ఇ4ఎక్స్ దాన్ని చెరిపేసింది.

విచిత్రమేమిటంటే ఆ మందు తెలిసినవాళ్లు అదే కంపెనీలో ఉన్నారు. 2003 నవంబరులో బీఈఏ, ఐబీఎం కలిసి సర్వీస్ డేటా ఆబ్జెక్ట్స్ అనే పద్ధతిని ప్రకటించాయి. పొట్టిగా ఎస్‌డీఓ. అందులో డేటా చెట్టుతో పాటు ఛేంజ్ సమ్మరీ అనే జాబితా ఒకటి వెన్నంటి ఉంటుంది. లాగింగ్ మొదలుపెట్టమంటే అప్పటినుంచి ఏ ఆబ్జెక్టు కొత్తగా పుట్టింది, ఏది పోయింది, ఏది మారింది, మారినదాంట్లో ఏ గడిలో ముందు ఏముండేది అన్నీ అందులో చేరతాయి. చెట్టును ఎక్స్‌ఎమ్మెల్‌గా రాసి పంపినప్పుడు ఆ జాబితా కూడా అదే కాగితంలో వెళుతుంది. అవతలివాడు కొత్తదీ పాతదీ రెండూ చూసి డేటాబేసులో సరిపోల్చుకుంటాడు. షాపు లెక్కలు రాసినవాళ్లకు ఇందులో వింతేం లేదు: ఆవర్జాలో నిలవ ఉంటుంది, ఆ నిలవ ఎలా వచ్చిందో చిట్టాలో ఉంటుంది. ఇ4ఎక్స్ మనకు ఆవర్జా ఇచ్చి చిట్టా చించేసింది.

మైక్రోసాఫ్టు వాళ్లు డాట్‌నెట్ డేటాసెట్లలో అంతకుముందే డిఫ్‌గ్రామ్ అని ఇలాంటిదే పెట్టారు. మారిన వరసకు మారిందని గుర్తు, కింద వేరే భాగంలో దాని పూర్వరూపం. ఎస్‌డీఓ 2005లో పీహెచ్‌పీకి కూడా వచ్చింది, పెకిల్ అనే పొడిగింపుల కోవలో. చూడండి, ఇది నిజంగా స్క్రిప్టు భాషకు ఎక్స్‌ఎమ్మెల్‌నూ మార్పుల లెక్కనూ కలిపి ఇచ్చిన పొడిగింపు. పీహెచ్‌పీ వ్యాకరణాన్ని ముట్టుకోలేదు. మామూలు బాణం గుర్తుతో గడిని మారిస్తే చాలు, వెనకాల లెక్క రాసుకుంటుంది. అయితే అది పెద్దగా ప్రచారంలోకి రాలేదు, పీహెచ్‌పీ 5 తరాన్ని దాటలేదు. స్కీమా ముందే చెప్పాలి, ఏ పట్టిక ఏ ఆబ్జెక్టో ముందే చెప్పాలి. స్క్రిప్టు రాసేవాడికి అంత ఓపిక ఉంటే స్క్రిప్టు భాష దగ్గరికి ఎందుకొస్తాడు?

ఇ4ఎక్స్ పాత విలువను మరిచిపోవడంతో ఆగలేదు, అడగకుండా తానే కొన్ని మార్పులు చేసింది. ఎక్స్‌ఎమ్మెల్‌ను చదివేటప్పుడు వ్యాఖ్యలు పారేయడం, ప్రాసెసింగ్ సూచనలు పారేయడం, ట్యాగుల మధ్య ఖాళీలు పారేయడం దానికి పుట్టు అలవాట్లు. వద్దంటే మానుతుంది, కానీ వద్దనాలని మనకు తెలియాలి. తిరిగి రాసేటప్పుడు ప్రతి పంక్తినీ రెండేసి ఖాళీలు జరిపి అందంగా పేరుస్తుంది. అంటే ఒక ఎడిటరు పత్రంలో వ్యాఖ్యగా రాసుకున్న సందేహం ఒక్క చదువు, ఒక్క రాతతో మాయం. ఏం మారిందో చూద్దామని రెండు ఫైళ్లను పోల్చితే ప్రతి పంక్తీ మారినట్టే కనిపిస్తుంది. నిజంగా మారిన ఆ ఒక్క ధర ఎక్కడో మధ్యలో ఉంటుంది, వెతుక్కోవాలి.

మార్పుల కబురు అందని కొరతను అడోబీ వాళ్లు గుర్తించారు. 2006లో ఫ్లాష్ ప్లేయరు 9తో వచ్చిన యాక్షన్‌స్క్రిప్ట్ 3లో ఇ4ఎక్స్ అంతా ఉంది. దాని మీద కట్టిన ఫ్లెక్స్‌లో ఎక్స్‌ఎమ్మెల్‌ను చెట్టుగానో జాబితాగానో తెర మీద చూపించే పరికరాలున్నాయి. కింద ధర మారితే పైన తెర మారాలి కదా, ఎలా తెలుస్తుంది? దానికోసం ఎక్స్‌ఎమ్మెల్ విలువకు సెట్‌నోటిఫికేషన్ అనే పద్ధతి ఒకటి తగిలించారు. పత్రాల్లో రాయలేదు, గుట్టుగా ఉంచారు. ఆట్రిబ్యూటు చేరింది, మారింది, పోయింది, నోడు చేరింది, పాఠం మారింది అని రకం పేరుతో సహా కబురు వస్తుంది. ప్రమాణంలో లేని ఈ చిన్న కిటికీ లేకుంటే ఫ్లెక్స్ చెట్లు కదిలేవి కావు. ప్రమాణం రాసినవాళ్లు మరిచిన ద్వారాన్ని వాడేవాళ్లు గోడకు కన్నం వేసి తెరిచారన్నమాట. 2020 డిసెంబరు 31తో అడోబీ ఫ్లాష్‌కు మద్దతు ఆపేసింది, బ్రౌజర్లలో ఆ కిటికీ కూడా దాంతో మూతపడింది.

బ్రౌజర్ల కథ ఇంకా పొట్టి. ఫైర్‌ఫాక్స్ 1.5 ఇ4ఎక్స్‌ను 2005లో తెచ్చింది. మిగతా పెద్ద బ్రౌజర్లేవీ తేలేదు. అన్ని బ్రౌజర్లలో పనిచేయని రాతను వెబ్‌సైట్లు రాసేవాళ్లు ఎలా వాడతారు? వాడలేదు. కానీ కొత్త వ్యాకరణం వల్ల కొత్త ప్రమాదం వచ్చింది. చిన్న కోణం గుర్తుతో మొదలయ్యేదంతా ఇప్పుడు ప్రోగ్రామే కాబట్టి, వేరే సైటు పేజీని ఎవరైనా స్క్రిప్టుగా తెప్పించుకుంటే, ఆ పేజీ ట్యాగులు సరిగ్గా అతికితే, అది నడిచే ప్రోగ్రాముగా చెల్లుతుంది. ఆ పేజీలో రెండు చోట్ల మీసాల బ్రాకెట్లు దూర్చగలిగిన దొంగ, మధ్యలో ఉన్న సమాచారాన్నంతా తన చలరాశిలోకి లాక్కోగలడు. మొత్తం స్క్రిప్టు ఒకే ఒక ఎక్స్‌ఎమ్మెల్ ముక్క అయితే నడపవద్దని మోజిల్లా ప్రత్యేకంగా ఒక నిషేధం పెట్టాల్సి వచ్చింది. ఈలోగా 2006లో జేసన్ అనే తేలికైన డేటా రూపానికి ఆర్‌ఎఫ్‌సీ 4627 అనే ప్రమాణ పత్రం వచ్చింది, సమాచారం ఆ దారి పట్టింది. ఫైర్‌ఫాక్స్ 17లో వెబ్‌పేజీలకు ఇ4ఎక్స్‌ను ఆపేశారు. 2013లో, 21వ సంచికలో, పూర్తిగా తీసేశారు.

ఇప్పుడు మాస్టారి ప్రశ్న: తీసేస్తే ఎవరి ప్రోగ్రాములు ఆగాయి? ఫైర్‌ఫాక్స్ యాడ్‌ఆన్లు రాసేవాళ్లవి. వాళ్లలో చాలామంది ఎక్స్‌ఎమ్మెల్ కోసం దాన్ని వాడలేదు. జావాస్క్రిప్టులో అప్పటికి అనేక పంక్తుల అక్షరమాల రాసే సులువు దారి లేదు. అందుకని ఖాళీ ట్యాగులో సీడేటా విభాగం పెట్టి, అందులో తమకు కావాల్సిన పాఠమంతా అతికించి, దాన్ని అక్షరమాలగా మార్చుకునేవారు. ఎక్స్‌ఎమ్మెల్ కోసం రెండేళ్లు కూర్చుని తీర్చిన ప్రమాణం చివరికి పొడుగాటి అక్షరమాలలు రాయడానికి అక్కరకొచ్చింది. 2015 ప్రమాణంలో వెనక్కి వాలిన కొటేషన్ గుర్తులతో ఆ పని నేరుగా చేసుకునే వీలొచ్చింది.

ఇంకా ఎక్కడైనా బతికి ఉందా అంటే, ఉంది. జావాలో రాసిన రైనో అనే జావాస్క్రిప్టు ఇంజనులో ఉంది. రైనో మీద నడిచే మిర్త్ కనెక్ట్ అనే సాఫ్టువేరును ఆసుపత్రుల్లో ఒక యంత్రం మాట ఇంకో యంత్రానికి చేరవేయడానికి వాడతారు. ల్యాబు నుంచి హెచ్‌ఎల్7 అనే ఆసుపత్రి ప్రమాణంలో వచ్చిన సందేశం అక్కడ ఎక్స్‌ఎమ్మెల్ చెట్టవుతుంది. రోగి ఇంటిపేరు పీఐడీ.5.1 గడిలో ఉంటుంది. ఆ గడిని తీసే స్క్రిప్టు ఇ4ఎక్సే. బ్రౌజర్లలో పోయి పదేళ్లు దాటాక కూడా వార్డుల వెనకాల పనిచేస్తోంది. అక్కడినుంచి దాన్ని పీకడానికి ఎవరైనా సాహసిస్తారా అన్నది నాకు అనుమానమే.

ఇక 2013 మే నెలలో అమెరికాలో జేఎస్‌కాన్ఫ్ సభలో ఫేస్‌బుక్ వాళ్లు తెర మీది పేజీలను కట్టే రియాక్ట్ అనే లైబ్రరీని చూపించారు. జావాస్క్రిప్టు మధ్యలో ట్యాగులు! ఫైర్‌ఫాక్స్ వాటిని బయటికి పంపిన నెలలోనే ఇంకో గుమ్మంలోంచి లోపలికొచ్చాయి. దాని పేరు జేఎస్‌ఎక్స్. మీసాల బ్రాకెట్లు అవే. తర్వాత ఖాళీ ట్యాగు జంట కూడా వచ్చింది, ఇ4ఎక్స్‌లో జాబితాకు వాడినదే. అయితే ఇది ఎందుకు నిలబడింది, అది ఎందుకు నిలబడలేదు?

నా అభిప్రాయం చెబుతాను, ఒప్పుకోనివాళ్లు చివర్లో పోట్లాడవచ్చు. ఇ4ఎక్స్ రెండిటిని ఒక్క మూటగా భాషలోకి తెచ్చింది: ట్యాగు రాసే పద్ధతిని, ట్యాగుకు ఇదే అర్థమన్న డేటా స్వభావాన్ని. నేమ్‌స్పేసులు, ఖాళీల నియమాలు, ప్లస్ గుర్తుకు కొత్త అర్థం, అన్నీ వెంట వచ్చాయి. జేఎస్‌ఎక్స్ రాత పద్ధతిని మాత్రమే తీసుకుంది. ట్యాగు ఒక మామూలు ఫంక్షను పిలుపుగా మారిపోతుంది, అంతే. ఆ ఫంక్షను ఏం చేయాలో భాష చెప్పదు. బ్రౌజరుకు దాని ఊసే తెలియదు, ముందే అనువదించి పంపుతారు. రేపు వద్దనుకుంటే అనువాదకుణ్ణి మార్చుకుంటారు, ఇంజను జోలికి పోనక్కర్లేదు. మాస్టారి ప్రశ్నకు జేఎస్‌ఎక్స్ దగ్గర చవకైన జవాబుంది. 

మార్పుల లెక్కను రియాక్ట్ ఇంకో దారిలో పట్టుకుంది. మార్పును జరిగినప్పుడే రాసుకోదు. పాత చెట్టు ఒకటి దగ్గర ఉంచుకుని, కొత్త చెట్టు మొత్తం మళ్లీ కట్టి, రెండిటినీ పోల్చి తేడా తీస్తుంది. చెట్లను నిక్కచ్చిగా పోల్చడం ఖరీదైన లెక్క. వెయ్యి నోడులుంటే వంద కోట్ల పోలికల దాకా పోవచ్చని వాళ్లే లెక్కగట్టారు. అందుకని రెండు ఊహల మీద ఆధారపడ్డారు: వేరు రకం ట్యాగైతే పోల్చకుండా తీసేయడం, జాబితాలో ఎవరెవరో తెలియడానికి ప్రోగ్రామరు చేత కీ అనే గుర్తు రాయించుకోవడం. ఆ కీ చూశారూ, అదే అసలు కిటుకు. ఎక్స్‌ఎమ్మెల్‌లో ఒక పుస్తకం ట్యాగు మూడో చోటినుంచి మొదటి చోటికి జరిగితే, అది జరిగిందా, లేక మూడోది పోయి మొదట్లో ఇంకోటి పుట్టిందా? చూసి చెప్పలేం. గుర్తింపు లేనిదానికి చరిత్ర ఉండదు. ఎస్‌డీఓకు ఆబ్జెక్టే గుర్తింపు. రియాక్ట్‌కు కీ. ఇ4ఎక్స్ దగ్గర వరస నంబరు తప్ప ఏమీ లేదు.

మార్పులు కనిపెట్టే పని భాషకే అప్పగించాలన్న ప్రయత్నమూ జరిగింది. ఆబ్జెక్ట్.అబ్జర్వ్ 2014లో క్రోమ్ 36లో వచ్చింది, 2015 నవంబరులో ప్రతిపాదకులే వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది వచ్చిన ప్రాక్సీ నిలిచింది. ప్రాక్సీ మార్పుల జాబితా ఇవ్వదు. గడిలో రాసే ముందు మనల్ని పిలుస్తుంది, పాత విలువ అప్పటికింకా అక్కడే ఉంటుంది. దాచుకుంటామా పారేస్తామా అన్నది మన ఇష్టం. డామ్‌లో పాతకాలపు మ్యుటేషన్ ఈవెంట్లు ప్రతి చిన్న కదలికకూ పని ఆపి కబురు పెట్టి నత్తనడక నడిచేవి. వాటి చోట వచ్చిన మ్యుటేషన్ అబ్జర్వరు మార్పులను పోగుచేసి ఒక్కసారి ఇస్తుంది. పాత విలువ కావాలని ముందే అడిగితేనే జతచేస్తుంది. ఇవాళ నన్నెవరైనా స్క్రిప్టు భాషలో ఎక్స్‌ఎమ్మెల్, మార్పుల లెక్క కలిపి ఇవ్వమంటే, ట్యాగులకు జేఎస్‌ఎక్స్ తరహా అనువాదం, లోపల ప్రాక్సీ, పక్కన ఎస్‌డీఓ మాదిరి జాబితా, ఇంతే తీసుకుంటాను. వ్యాకరణానికి ఒక్క గుర్తు కూడా కలపను.

మిగిలింది మన ఇంటి పని. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాని చరిత్ర అంతా ఎక్స్‌ఎమ్మెల్ ఫైళ్లుగా ఎవరైనా దించుకోవచ్చు. ప్రతి వ్యాసానికీ కూర్పుల వరస, ప్రతి కూర్పులోనూ ఎవరు, ఎప్పుడు, అప్పటి పూర్తి పాఠం. మార్పు మాత్రం అందులో ఉండదు, రెండు కూర్పులు పోల్చి మనమే తీయాలి. అక్షరం అక్షరం పోల్చే మామూలు సాధనాలు యూనికోడు సంకేతాల దగ్గర కోస్తాయి. ధరను ఎవరో ధారగా దిద్దితే, చేరిందంటూ ఒంటరి దీర్ఘం చుక్కల వలయం మీద వేలాడుతూ కనబడుతుంది. క్షలో క ఒకవైపు, ష ఒకవైపు పడతాయి. చదివేవాడికి అర్థం కావాలంటే కోత అక్షరం అంచున పడాలి. జావాస్క్రిప్టులో ఇంటల్.సెగ్మెంటర్ ఆ పని చేస్తుంది. 2023లో వచ్చిన యూనికోడు 15.1 నియమాల్లో తెలుగు సంయుక్తాక్షరాన్ని మధ్యలో విరవకూడదన్న సూత్రం కూడా చేరింది. అయితే మీ ఇంజనులో ఏ కూర్పు యూనికోడు ఉందో ముందు చూసుకోవాలి. పాతదైతే క్ష ఇప్పటికీ రెండు ముక్కలే. వెనక వరసలో కూర్చున్న పిల్లల్లో ఎవరైనా ఈ సాధనం రాస్తామంటే, ముందు ఒక్క వ్యాసం కూర్పులన్నీ దించుకుని క్ష, జ్ఞ, స్త్ర ఉన్న పదాల మీద నడిపి చూడండి. తప్పులు అక్కడే బయటపడతాయి.